తేనె శిస్తు కట్టినవాళ్ల కత్తెర

ఆ సోమవారం పొద్దున నేను వృద్ధాశ్రమంలో డ్యూటీకి వెళ్లేసరికి పెద్దావిడ పానీ గది తలుపు మూసి ఉంది. ఎప్పుడూ బార్లా తెరిచి ఉంచే మనిషి. తట్టాను. "ఎవరు?" అంది లోపలి నుంచి. నేనని చెప్పాను.

"నువ్వు తీశావా?"

"ఏం తీయడం?"

తలుపు తెరిచి, బీరువా కింది సొరుగు లాగి చూపించింది. లోపల పాత ఉన్ని గుడ్డ మడిచి ఉంది. దాని మధ్యలో ఏళ్ల తరబడి ఒక వస్తువు పడుకున్న గుర్తు. వస్తువు లేదు.

అది గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెర. మన ఇళ్లలో ఉండే కత్తెరలాంటిది కాదు. మధ్యలో మేకు ఉండదు. ఒకే ఇనుప పట్టీని వెనక వైపు విల్లులా వంచి, రెండు కొసలనూ జానెడు కత్తులుగా సాగదీసి చేసింది. గుప్పిట్లో పట్టుకుని నొక్కితే మూసుకుంటుంది, వదిలితే తెరుచుకుంటుంది. పానీకి వాళ్ల అమ్మమ్మ ఇచ్చింది. పోలండ్ నుంచి ఓడలో ఈ దేశానికి వచ్చేటప్పుడు పానీ తెచ్చుకున్న ఒక్క పెట్టెలో బట్టల మధ్య పెట్టుకుని తెచ్చింది.

అంతకు ముందు వారం హోమ్‌లో సేఫ్టీ తనిఖీ జరిగింది. ఆదివారం ఎవరో గదులన్నీ చూసి, ప్రమాదకరమైన వస్తువులని అనిపించినవన్నీ సంచుల్లో వేసి ఆఫీసులో పెట్టారు. ఒకాయన దగ్గర గెడ్డం గీసుకునే కత్తి, ఒకావిడ దగ్గర అల్లిక సూదులు, పానీ దగ్గర కత్తెర. అడిగి తీసుకోలేదు. ఆవిడ చర్చికి వెళ్లినప్పుడు తీశారు.

నేను ఆ ఏజ్డ్ కేర్ హోమ్‌లో లైఫ్‌స్టైల్ అసిస్టెంట్‌ని. మేముండే స్కోఫీల్డ్స్ నుంచి బస్సులో ఇరవై నిమిషాలు. పెద్దవాళ్ల చేత పాటలు పాడించడం, రంగులు వేయించడం, బింగో ఆడించడం నా పని. విజయనగరంలో డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని. ఇక్కడికొచ్చాక నా ఎం.ఏ. గురించి ఎవరూ అడగలేదు. బింగో నంబర్లు గట్టిగా చదవగలవా అని అడిగారు. చదవగలనన్నాను.

చేరిన మొదటి వారంలోనే పానీ చేత తిట్లు తిన్నాను. ఇక్కడ మనవాళ్లందరికీ అలవాటైనట్టే నేనూ "గుడ్ మార్నింగ్, ఆంటీ" అన్నాను. ఆవిడ కళ్లజోడు పైకి తోసి నన్ను చూసింది.

"నీకు నేను ఆంటీ ఎలా అయ్యాను? మీ అమ్మకి చెల్లెల్నా?"

"కాదండీ. పెద్దవాళ్లని పేరు పెట్టి పిలవడం మాకు బాగుండదు."

"మాకూ బాగుండదు. ఇక్కడ వీళ్లందరూ నన్ను డార్లింగ్ అంటారు. పద్దెనిమిదేళ్ల పిల్ల కూడా డార్లింగ్ అంటుంది. మా దేశంలో పెద్ద ఆడమనిషిని పానీ అంటారు. నువ్వు పానీ అను."

అమ్మగారూ అన్నట్టన్నమాట. ఆ రోజు నుంచి అలాగే పిలిచాను. ఆవిడకి ఎనభై ఆరేళ్లు. మోకాళ్లు పని చేయవు కానీ, మాట్లాడేటప్పుడు వీపు కుర్చీకి ఆనించదు.

మంగళవారం ఆర్వోల్లో, అంటే మధ్యాహ్నం టీ తర్వాత, ఆవిడ కాగితాలు కత్తిరించేది. నున్నటి రంగు కాగితాన్ని ఒక్కసారే మడిచి, గీత గీయకుండా, ఆ పెద్ద కత్తెరతో చిన్న చిన్న గాట్లు పెట్టేది. విప్పితే ఒక చెట్టు. కొమ్మలకి రెండువైపులా పుంజులు, అద్దంలో తమని తాము చూసుకున్నట్టు. మా పిల్లలు స్కూల్లో చేసే క్రాఫ్ట్‌లా ఉంటుందనుకుని దగ్గరికెళ్లిన నేను, ఆ పుంజుల తోక ఈకలు చూసి నిలబడిపోయాను. సూదిమొనంత సన్నంగా ఉన్నాయి. అంత మోటు కత్తెరతో ఎలా వచ్చాయో నాకిప్పటికీ తెలియదు.

"మాకూ ఇలాంటివి ఉన్నాయి పానీ. ముగ్గులంటాం" అన్నాను, ఫోన్‌లో చూపిస్తూ.

ఆవిడ శ్రద్ధగా చూసింది. "బాగుంది. కానీ ఇలాంటిది కాదు. అది నీది, ఇది నాది. కలపకు."

నాకు మొదట చిన్నబోయినట్టనిపించింది. తర్వాత నచ్చింది.

కత్తిరిస్తూనే వాళ్ల ప్రాంతం సంగతులు చెప్పేది. పేరు కుర్పీ. పోలండ్‌కి ఈశాన్యాన ఇసుక నేలల్లో పైన్ చెట్ల అడవి. పూర్వం ఆ అడవంతా రాజుగారిది. అక్కడికి పొలం కోసం ఎవరూ పోలేదు, పండదు కనక. పోయినవాళ్లు చెట్లెక్కారు. ఎత్తైన పైన్ చెట్ల కాండాల్లో పైనెక్కడో తొర్రలు తొలిచి, తేనెటీగలకి ఇళ్లు చేశారు. రాజుకి శిస్తు తేనెతో కట్టారు. తేనె కట్టినన్నాళ్లూ ఏ దొరా వాళ్లమీద లేడు. చుట్టుపక్కల జిల్లాల్లో రైతులు వారంలో సగం రోజులు దొర పొలంలో వెట్టి చేస్తుంటే, వీళ్లు అడవిలో తుపాకులు పట్టుకుని తిరిగేవారు. తేనెటీగల గురించిన తగాదాలకి వాళ్లకి వాళ్లదే కోర్టు. ఇంకొకడి తొర్ర పాడుచేసినవాడికి ఎంత ఘోరమైన శిక్ష వేసేవారో ఆవిడ వివరంగా చెప్పింది. నేను టీ కప్పు పక్కన పెట్టేశాను.

"కుర్పీ అంటే అర్థం ఏంటి పానీ?"

"చెప్పులు. చెట్టు బెరడు నారతో అల్లుకునే చెప్పులు. తోలు కొనలేని వాళ్లని బయటివాళ్లు ఎగతాళి చేయడానికి పెట్టిన పేరు. మా వాళ్లు ఆ పేరే ఉంచుకున్నారు."

అదీ ఆవిడ. అలాంటి మనిషి సొరుగులోంచి చెప్పకుండా కత్తెర తీశారు.

మంగళవారం నన్ను మేనేజర్ పిలిచి ఒక ప్లాస్టిక్ కత్తెర చేతిలో పెట్టింది. పసుపు రంగు, కొస గుండ్రంగా ఉంది. పిల్లల బళ్లలో వాడేది. "ఇది ఇచ్చి చూడు. కాగితమే కదా, దీనితోనూ తెగుతుంది" అంది. చెడ్డమనిషి కాదు. ఎనభై మంది బాగోగులు ఆవిడ నెత్తిన ఉన్నాయి, పైనుంచి రోజుకో ఫారం వస్తుంది. ఆ మాట నేను అప్పుడూ ఒప్పుకున్నాను, ఇప్పుడూ ఒప్పుకుంటాను.

పానీకి ఇవ్వడానికి నాకే సిగ్గేసింది. ఇచ్చాను. ఆవిడ దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, నడకకి వాడే వాకర్ పట్టుకుని లేచింది. కారిడార్ పొడవునా, చేపలతొట్టి దాటి, ఆఫీసుదాకా నడిచింది. నాలుగు నిమిషాలు పట్టింది. నేను పక్కనే నడిచాను. మేనేజర్ ఫోన్లో ఉంది. పానీ ఆ పసుపు కత్తెరని ఆవిడ కీబోర్డు మీద పెట్టింది.

"ఇది నీ మనవరాలికి" అని చెప్పి వెనక్కి తిరిగింది.

మర్నాటి నుంచి భోజనాల గదికి రావడం మానేసింది. బింగోకి రాలేదు. పాటలకి రాలేదు. గదిలోకి ట్రే తెస్తే తినేది. అలిగి పస్తులుండే రకం కాదు. "తిండి మానేస్తే డాక్టర్‌కి చెబుతారు. డాక్టర్ మాత్ర రాస్తాడు. నేను తింటాను, కానీ వాళ్లతో కూర్చోను" అంది.

నేను మేనేజర్ దగ్గరికి వెళ్లాను. ఇక్కడి పద్ధతిలో ఒక మాట ఉంది: మనిషికి తన రిస్కు తాను తీసుకునే గౌరవం ఉండాలని. మాకు ట్రైనింగ్‌లో చెప్పారు, స్లయిడ్ కూడా చూపించారు. అదే గుర్తు చేశాను.

"అది కాఫీ వేడిగా తాగడం లాంటివాటికి. జానెడు కత్తులకి కాదు" అంది మేనేజర్.

"డెబ్బై ఏళ్లకు పైగా వాడుతోంది. వేలు కూడా తెగలేదు."

"ఆవిడకి తెగకపోవచ్చు. మతిలేని ఇంకొకరు ఆ గదిలోకి వెళ్తే?"

అందులో న్యాయం ఉంది. "అయితే తాళం పెట్టిన డబ్బా ఇవ్వండి" అన్నాను. చూద్దామంది. రిస్కు ఫారం నింపి ఇచ్చాను. మూడు రోజుల తర్వాత తిరిగొచ్చింది, కుదరదని. కింద ఒక లైను: ఈ విషయం లైఫ్‌స్టైల్ సిబ్బంది పరిధిలోనిది కాదు.

ఇంట్లో చెబితే మా ఆయన అన్నం కలుపుతున్న చేయి ఆపారు.

"మనల్ని ఇక్కడ ఉండనిస్తారో లేదో తేల్చే పీఆర్ ఫైల్ ఇంకా డిపార్ట్‌మెంట్‌లోనే ఉంది. ఈ టైమ్‌లో నువ్వు వర్క్‌ప్లేస్‌లో ఇష్యూలు పెట్టుకోవడం అవసరమా?"

"కత్తెరకీ పీఆర్‌కీ ఏంటండీ సంబంధం?"

"సంబంధం లేదు. కానీ మనం కొత్తవాళ్లం. కొంచెం లో-ప్రొఫైల్‌గా ఉంటే మంచిది."

"పదకొండేళ్లయింది వచ్చి. ఇంకా ఎన్నాళ్లుండాలి లో-గా?"

ఆయన మళ్లీ అన్నం కలపసాగారు. కోపం తెచ్చుకోలేదు. ఆయన భయం నాకు తెలుసు. ఆ భయంతోనే పదకొండేళ్లు బతికాం. వెస్ట్‌మీడ్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉన్నప్పుడు, పక్కింటాయన గోడ కొడితే మా పెళ్లిరోజున పాటలు ఆపేశాం. బస్సులో ఎవరో తేరిపారచూస్తే ఫోన్లో అమ్మతో తెలుగులో మాట్లాడుతున్నదాన్ని గొంతు తగ్గించేదాన్ని. ఆ రోజు గిన్నెలు కడుగుతూ అవన్నీ లెక్కకొచ్చాయి. ఇక తగ్గించనని అనుకున్నాను. పైకి కూడా అన్నాను. ఆయన విన్నారు.

హోమ్‌లో ప్రతి మనిషికీ ఒక ఫైల్ ఉంటుంది. అందులో జీవితకథ అని ఒక పేజీ. కొత్తగా వచ్చే నర్సులు మనిషిని తెలుసుకోవడానికి. పానీ పేజీ తీసి చూశాను. పుట్టింది పోలండ్. భర్త ఇటుకల ఫ్యాక్టరీలో పనిచేశాడు, పోయాడు. ఒక కొడుకు. ఇష్టాలు: క్రాఫ్ట్, చర్చి. అయిపోయింది.

ఆ పేజీ నింపడం మాత్రం కచ్చితంగా నా పరిధిలోనిదే. పానీ గదికి వెళ్లి కుర్చీ లాక్కున్నాను.

"మొదటినుంచీ చెప్పండి. ఈసారి రాసుకుంటాను."

"కత్తెర లేకుండా చేతులు ఊరికే ఉంటాయి. మాట రాదు."

"రాకపోతే కూర్చుంటాను."

కిటికీ అవతల తెల్ల కాకటూ చిలుకలు చెత్తబుట్ట మూత లేపడానికి కష్టపడుతున్నాయి. తర్వాత ఆవిడ మొదలుపెట్టింది. అంతకుముందెప్పుడూ చెప్పని సంగతి.

యుద్ధం ఆఖరి శరదృతువులో వాళ్ల జిల్లా నది ఒడ్డున రెండు సైన్యాలు ఎదురెదురుగా ఆగిపోయాయి. నెలల తరబడి కదల్లేదు. మధ్యలో ఊళ్లు కాలిపోయాయి. చెక్క ఇళ్లు కదా, అగ్గిపెట్టెల్లా అంటుకున్నాయట. పానీకి అప్పుడు ఐదేళ్లు. వాళ్ల కుటుంబం అడవి అంచున గొయ్యి తవ్వుకుని, పైన దుంగలూ మట్టీ కప్పుకుని ఆ చలికాలం అందులో బతికింది. తర్వాత వసంతం వచ్చింది, సైన్యాలు పోయాయి. ఇల్లు లేదు. గొయ్యే ఇల్లు. ఈస్టర్ వచ్చింది.

"ఈస్టర్‌కి ముందు గోడకి సున్నం కొట్టి, పాత కాగితాలు తీసి కొత్తవి అతికించాలి. అది మా పద్ధతి. అమ్మ ఏడ్చింది, గోడే లేదు, కాగితం ఏమిటి అని. అమ్మమ్మ అడవిలోకి పోయి ఒడినిండా కాగితాలు ఏరుకొచ్చింది. విమానాల్లోంచి వేసిన కరపత్రాలు. లొంగిపోండి అని రాసి ఉండేది వాటిమీద. రెండు సైన్యాలవీ ఉన్నాయి. ఆవిడకి చదువు రాదు. నాన్న చదివి చెప్పాడు. అమ్మమ్మ అంది, మంచిది, ఇవి పుంజులవుతాయి అని."

"అయ్యాయా?"

"గొయ్యి గోడంతా. మట్టికి జిగురు అంటదు, ముల్లు గుచ్చి నిలబెట్టింది. దగ్గరికెళ్తే పుంజు పొట్టమీద అక్షరాలు కనిపించేవి. అదే కత్తెర."

నేను మూడు మంగళవారాలు రాశాను. ముందు తెలుగులో రాసుకున్నాను, ట్రెయిన్లో, బస్సులో, నా నోట్‌బుక్‌లో. ఆలోచన నాకు ఆ భాషలోనే నడుస్తుంది. తర్వాత ఇంగ్లిష్ చేసి ఫైల్లో పెట్టాను. ఏడు పేజీలయింది. రాజుగారి అడవి, తేనె శిస్తు, నార చెప్పులు, పెళ్లికాని పిల్లలు పండుగలకి పెట్టుకునే నల్ల మఖ్మల్ కిరీటం, ఇసుకలో పంట, గొయ్యి, ఓడ, ఇటుకల ఫ్యాక్టరీ పక్క ఫైబ్రో రేకు గోడల ఇల్లు, అన్నీ.

మేనేజర్ పిలిచింది. "చాలా బాగుంది. కానీ అరపేజీకి కుదించు."

"కుదరదు" అన్నాను.

నా నోట్లోంచి ఆ మాట అంత సులభంగా వస్తుందని నాకు తెలియదు. ఆవిడ కూడా ఊహించలేదు. "ఫార్మాట్ అరపేజీ" అంది మళ్లీ.

"ఆవిడ ఎనభై ఆరేళ్లు బతికింది. ఏడు పేజీలే అయింది. మీరు తీసేయాలంటే తీసేయండి. నేను తీయను."

తీయలేదు.

మూడు నెలలకోసారి హోమ్‌లో పెద్దవాళ్లతో, కుటుంబాలతో మీటింగ్ జరుగుతుంది. పానీ స్వయంగా కాగితం మీద రాసి ఇచ్చింది: నా కత్తెర గురించి మాట్లాడాలి, కత్తెర అక్కడికి తేవాలి. ఆవిడ కొడుకూ వచ్చాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, దూరప్రాంతాలకి ట్రక్ నడుపుతాడు. డార్విన్ దాకా పోయి ఆ పొద్దునే తిరిగొచ్చాడట. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మా, వాళ్లు చెప్పేది నీ సేఫ్టీ కోసమే కదా" అన్నాడు కూర్చుంటూనే.

పానీ అతన్ని చూడలేదు. నన్ను చూసింది. "చదువు" అంది.

ఇరవై మంది దాకా ఉన్నారు. నేను కరపత్రాల పేజీ చదివాను. చదువుతుంటే నా ఇంగ్లిష్ ఎలా పలుకుతోందో అన్న బెంగ మధ్యలో ఎక్కడో పోయింది. ముగిసేసరికి కొడుకు ముందుకి వంగి ఉన్నాడు.

"ఇది నాకెప్పుడూ చెప్పలేదే నువ్వు" అన్నాడు తల్లితో.

"నువ్వు అడగలేదు. ఈమె అడిగింది."

మేనేజర్ తన వంతు చెప్పింది. ప్లాస్టిక్ సంచిలోంచి కత్తెర తీసి బల్లమీద పెట్టి, "చూడండి, దీని అంచులు ఎలా ఉన్నాయో మీరే చూడండి" అంది కుటుంబాలవైపు తిరిగి.

పానీ ముందు వరసలో ఉంది. చేయి చాచి కత్తెర తీసుకుంది. నా ఫైల్లోంచి ఆకుపచ్చ కాగితం ఒకటి లాగింది. మడిచింది. కోయడం మొదలుపెట్టింది.

"ప్లీజ్, అది కింద పెట్టండి" అంది మేనేజర్.

"పని చేస్తున్నాను. అయ్యాక మాట్లాడు."

కోత మునుపటిలా సాగలేదు. అబద్ధం చెప్పను. నాలుగు వారాలు ఊరికే ఉన్న చేతులు. ఒకచోట కత్తెర జారి పుంజు ముక్కు తెగి పడింది. ఆవిడ ఆగి, తెగిన ముక్క చూసి, అక్కణ్ణుంచే ఇంకో గాటు పెట్టి ముందుకి పోయింది. పది నిమిషాలు పట్టింది. కాగితం విప్పి పైకెత్తి పట్టుకుంది. రెండు పుంజులకీ ముక్కు విరిగి ఉంది.

"దెబ్బలాడి వచ్చాయి" అంది.

అందరికన్నా ముందు నవ్వింది అల్లిక సూదులు పోగొట్టుకున్న ఆవిడ. "నా సూదుల సంగతేంటి?" అని గట్టిగా అడిగింది. గెడ్డం కత్తి ఆయన కూడా లేచాడు.

మేనేజర్ మొహం ఎర్రబడింది. కానీ పానీ చేతిలోంచి కత్తెర లాక్కోలేదు. ఎవరూ లాక్కోలేరు. చివరికి తాళం డబ్బా ఖాయమైంది. ఫారం కొడుకు ముందు పెట్టారు, కుటుంబం తరఫున సంతకం చేయమని. అతను పెన్ను తీశాడు.

"చేతులు నావి. సంతకం నాది" అంది పానీ. కొడుకు పెన్ను ఆవిడకిచ్చాడు. తాళంచెవి ఆవిడ మెడలో సిలువ పక్కనే వేలాడింది. సూదులు తిరిగిచ్చారు. గెడ్డం కత్తి ఇవ్వలేదు. ఆయన ఇంకా పోట్లాడుతూనే ఉన్నాడు.

తర్వాతి వారం నాకో ఉత్తరం వచ్చింది, ఉద్యోగి హద్దుల గురించి. రోస్టర్‌లో నా షిఫ్టులు నాలుగు నుంచి రెండయ్యాయి. ఎందుకని అడిగితే అవసరాలు మారాయన్నారు. మానేస్తాననుకున్నారేమో. మానలేదు. ఆ రెండు రోజులూ పనికి వెళ్తాను. మిగతా రోజుల్లో ఒకరోజు చుట్టంలా వెళ్లి, రిసెప్షన్‌లో పుస్తకంలో పేరు రాసి పానీ దగ్గర కూర్చుంటాను. చుట్టాలకి హద్దుల ఉత్తరాలు రావు. ఉత్తరం చదివిన రోజు మా ఆయన దాన్ని మడిచి కవర్లో పెట్టేశారు. ఆదివారం మాత్రం, "పద, దింపుతాను" అని కారు తాళాలు తీసుకున్నారు.

ఈస్టర్‌కి పానీ గది గోడంతా పుంజులు, చెట్లు, చక్రాల్లాంటి నక్షత్రాలు. గోధుమపిండి ఉడికించిన జిగురుతో అతికించాం. పెయింటు పాడవుతుందని నోటీసు అంటించారు. ఆ నోటీసు మీద కూడా ఒక కాగితం పిట్ట కూర్చుంది.

మనవాళ్లకి ఇదంతా వింతగానే ఉంది. మా వీధిలో ఒకరింట్లో బార్బీకి, అంటే పెరట్లో నిప్పులమీద కాల్చుకు తినే విందుకి, పిలిస్తే వెళ్లాం. జొన్నపొత్తులు తిప్పుతున్న ఒక అంకుల్, "మన జిల్లాల చరిత్ర రాసేవాళ్లే లేరు, ఎక్కడో పోలండ్ పల్లెటూళ్ల గొడవ నీకెందుకమ్మా?" అన్నారు.

"మీ ఊరి సంగతులు చెప్పండి అంకుల్, రాస్తాను. నోట్‌బుక్ తెచ్చుకుంటాను. ఎప్పుడు రమ్మంటారు?"

ఆయన నవ్వి పొత్తులవైపు తిరిగారు. ఇంకా పిలవలేదు. పిలిస్తే వెళ్తాను. ఈలోగా దీన్ని తెలుగులో రాయడం ఆపను. ఎవరికి కావాలని అడిగినవాళ్లకి నా దగ్గర ఒకటే జవాబు: నాకు కావాలి.

మొన్న వెళ్లినప్పుడు పానీ ఏడు పేజీలూ ఎర్ర పెన్నుతో దిద్ది ఉంచింది. ఊరి పేరు ఒకచోట తప్పు రాశాను. అంబర్ అనే పసుపు రాయి వాళ్ల ప్రాంతంలో బావుల్లో కాదు, పొలాల్లో దొరుకుతుంది. అవి దిద్దుకున్నాను. మూడో పేజీలో మాత్రం "పేద జనం" అన్న మాటమీద రెండు గీతలు కొట్టింది.

"పేదవాళ్లు కాదా పానీ? ఇసుక నేల, నార చెప్పులు, చలికాలమంతా బంగాళాదుంపలే అని మీరే చెప్పారు."

"చెప్పాను. పేద అని చెప్పలేదు."

"చదివేవాళ్లకి ఆకలి తెలియాలి కదా. దాచిపెడితే అది చరిత్ర కాదు."

"ఆకలి అని రాయి. రోజుకి ఎన్నిసార్లు తిన్నామో రాయి. పేద అన్నది బయటివాళ్లు మమ్మల్ని చూసి అన్న మాట."

నేను ఒప్పుకోలేదు. ఆవిడా ఒప్పుకోలేదు. టీ చల్లారింది. నేను గీతల పైన ఆ మాట మళ్లీ రాశాను. ఆవిడ నా చేతిలోంచి పెన్ను తీసుకుని మళ్లీ కొట్టేసింది.